యురేనియానికీ ప్లుటోనియానికీ నడుమ 0.3 వోల్టులు

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఈబీఆర్-2 అనే చిన్న ఫాస్ట్ రియాక్టరు, అంటే న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించకుండానే వాడుకునే రియాక్టరు, ఒకటి ఉండేది. 1964లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టి 1994 సెప్టెంబరులో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ల పాటు పెద్దగా పేచీ పెట్టని యంత్రం అది. అసలు తలనొప్పి అది మూతపడ్డాక మొదలైంది. దానిలో వాడిన ఇంధనం ఆక్సైడ్ కాదు, లోహం. ఆ లోహపు కడ్డీకీ దాని చుట్టూ ఉన్న ఉక్కు గొట్టానికీ మధ్య సందులో వేడి బాగా పారడానికి సోడియం నింపేవారు. సోడియానికి నీరు తగిలితే ఏమవుతుందో స్కూలు ల్యాబులో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి సోడియాన్ని కడుపులో పెట్టుకుని, తీవ్రమైన రేడియోధార్మికతతో 25 టన్నుల పైచిలుకు ఇంధనం మిగిలింది. దాన్ని ఉన్నదున్నట్టుగా భూమిలో పాతిపెట్టడం కుదరదు. నీళ్లలో కలిపిన ఆమ్లంలో కరిగించాలన్నా ముందు సోడియం సంగతి తేల్చుకోవాలి.

అప్పుడు ఎంచుకున్న దారి నీటి జోలికే పోనిది. ఇంధనాన్ని ముక్కలు చేసి, ఉక్కు బుట్టలో వేసి, 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ఉన్న ఉప్పులో ముంచి, కరెంటు పెట్టడం. యురేనియం బుట్టలోంచి ఉప్పులోకి దిగి, ఉప్పులోంచి ఎదుటి ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది. వన్ గ్రామ్ గోల్డ్ నగలకు పూత వేసే పద్ధతికీ దీనికీ మూలసూత్రంలో తేడా లేదు. తేడా అంతా ద్రవంలోనూ, అందులో కరిగే మూలకాల స్వభావంలోనూ ఉంది. ఆ స్వభావాన్ని కొలవడానికే ఐడహో, కార్ల్‌స్రూహ, డిమిత్రోవ్‌గ్రాద్, టోక్యో, డేజాన్, కల్పాక్కం ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా పని సాగుతోంది. పైరోప్రాసెసింగ్ అని పిలిచే ఈ పద్ధతి గురించి ఎంత గట్టి వాదన విన్నా, అటుదైనా ఇటుదైనా, తవ్వుకుంటూ పోతే చివరికి తేలేవి కొన్ని వందల మిల్లీవోల్టుల తేడాలే.

ముందుగా నీరు ఎందుకు పనికిరాదో చూడాలి. నీటిని విద్యుత్తుతో విడగొట్టడానికి సిద్ధాంతపరంగా 1.23 వోల్టులు చాలు. యురేనియం అయాన్లను లోహంగా మార్చాలంటే హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ కంటే 1.6 వోల్టులకు పైగా కిందికి వెళ్లాలి. ప్లుటోనియానికైతే దాదాపు 2 వోల్టులు. అంత కిందికి దిగేలోపే నీరు హైడ్రోజన్‌గా బుస్సున లేచిపోతుంది, లోహం మాత్రం పడదు. అందుకే వాడిన ఇంధనాన్ని శుద్ధి చేసే మామూలు రీప్రాసెసింగ్‌లో, అంటే ప్యూరెక్స్ పద్ధతిలో, లోహం ఊసే ఉండదు. నైట్రిక్ ఆమ్లంలో కరిగించిన ఇంధనం నుంచి ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే సేంద్రియ ద్రవంతో యురేనియం, ప్లుటోనియంలను పీల్చి, ప్లుటోనియం వేలెన్సీని మార్చి రెండింటినీ విడగొడతారు. భారత్‌లో ట్రాంబే, తారాపూర్, కల్పాక్కం ప్లాంట్లు నడిచేది ఈ పద్ధతిలోనే. బాగా నలిగిన దారి అది. కాకపోతే తీవ్రమైన రేడియేషన్ తగిలితే ఆ సేంద్రియ ద్రవం చెడుతుంది. కాబట్టి రియాక్టరు నుంచి తీసిన ఇంధనాన్ని ముందు చాలాకాలం చల్లారనివ్వాలి. పైగా నీరు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది కనుక, ప్లుటోనియం కొంచెం ఎక్కువ పోగైనా గొలుసు చర్య మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. పాత్రలు సన్నగా, చిన్నగా ఉంచాల్సి వస్తుంది.

కరిగిన ఉప్పుకు ఈ రెండు బెడదలూ తక్కువ. రేడియేషన్‌కు విరిగిపోవడానికి దానిలో సేంద్రియ అణువులు లేవు, న్యూట్రాన్లను నెమ్మదింపజేయడానికి హైడ్రోజన్ లేదు. ఎక్కువగా వాడేది లిథియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ మిశ్రమం. విడివిడిగా ఒకటి 600 డిగ్రీలు దాటాక, రెండోది 770 డిగ్రీల దగ్గర కరుగుతాయి. సుమారు 59కి 41 అణువుల నిష్పత్తిలో కలిపితే 350 డిగ్రీలు దాటగానే కరిగిపోతాయి. సీసం, తగరం కలిపిన టంకం ఆ రెండింటికన్నా తక్కువ వేడికే కరిగినట్టే ఇదీ. ఇంతకన్నా ముఖ్యమైన గుణం మరొకటి ఉంది. ఆ ఉప్పులో క్లోరిన్ వాయువు పుట్టే వోల్టేజీకీ లిథియం లోహం పడే వోల్టేజీకీ మధ్య మూడున్నర వోల్టుల దూరం ఉంటుంది. నీరు ఇచ్చే ఒకటింబావు వోల్టులతో పోలిస్తే ఇది పెద్ద మైదానం. యురేనియం, ప్లుటోనియం, అమెరీషియం, విచ్ఛిత్తిలో పుట్టే లాంథనైడ్లు అన్నీ లోహాలుగా మారే స్థానాలు ఆ మైదానంలోనే వరసగా ఉంటాయి.

ఆ వరసే ఈ పద్ధతికి ప్రాణం. 450 డిగ్రీల దగ్గర క్లోరిన్ ఎలక్ట్రోడ్‌ను సున్నా అనుకుంటే, యురేనియం దాదాపు 2.5 వోల్టుల కింద లోహంగా పడుతుంది. నెప్టూనియం 2.7 దగ్గర, ప్లుటోనియం 2.8 దగ్గర. నియోడైమియం, సీరియం, లాంథనం వంటి లాంథనైడ్లు 3.1 వోల్టుల చుట్టుపక్కల. సీజియం, స్ట్రాన్షియం, బేరియం, సోడియం ఇంకా దిగువన, లిథియం పొరుగున ఉంటాయి. పైవైపు చూస్తే యురేనియానికి కొంచెం ఎగువన జర్కోనియం, దానికి బాగా ఎగువన ఇనుము, ఆ పైన మాలిబ్డినం, రుథీనియం, పల్లాడియం లాంటి మొండి లోహాలు.

ఇప్పుడు బుట్టను ఆనోడ్‌గా పెట్టి వోల్టేజీ నెమ్మదిగా పెంచుతూ పోతే ఏం జరుగుతుందో ఈ వరస నుంచే చెప్పేయొచ్చు. సీజియం, స్ట్రాన్షియం, లాంథనైడ్లు, సందులో ఉన్న సోడియం ముందే క్లోరైడ్లుగా ఉప్పులోకి దిగిపోతాయి. తర్వాత ప్లుటోనియం, యురేనియం కరుగుతాయి. మొండి లోహాలు, ఉక్కు గొట్టం ముక్కలు బుట్టలోనే ఉండిపోతాయి. ఆత్రపడి వోల్టేజీ ఇంకా పెంచితే జర్కోనియం కదులుతుంది, ఆ తర్వాత బుట్టే కరగడం మొదలవుతుంది. కాథోడ్ వైపు దీనికి తలకిందులు. ఉప్పులో ఉన్న అయాన్లలో అందరికన్నా తేలిగ్గా లోహమయ్యేది యురేనియం కాబట్టి ఉక్కు కడ్డీ మీద అదే పడుతుంది. ఒక్క పాత్రలో, ఒక్క ద్రవంలో, ఇంధనం మూడు వాటాలుగా విడిపోతుంది.

ఇక్కడ లెక్క ఒకటి వేసి చూడాలి. 500 డిగ్రీల దగ్గర, మూడు ఎలక్ట్రాన్ల మార్పిడి జరిగే అయాన్‌కు, గాఢత పది రెట్లు తగ్గితే వోల్టేజీ సుమారు 51 మిల్లీవోల్టులు కిందికి జరుగుతుంది. నెర్న్‌స్ట్ సమీకరణం చెప్పేది ఇంతే. యురేనియానికీ ప్లుటోనియానికీ తేడా 0.3 వోల్టులు, అంటే దాదాపు ఆరుసార్లు పదేసి రెట్లు. ఉప్పులో యురేనియం కన్నా ప్లుటోనియం పది లక్షల రెట్లు ఎక్కువయ్యేదాకా సిద్ధాంతపరంగా కాథోడ్ మీద యురేనియానిదే పైచేయి. పొరపాటున కొంత ప్లుటోనియం పడినా ఉప్పులోని యురేనియం క్లోరైడ్ దాన్ని తిరిగి కరిగించి, ఆ స్థానంలో తాను లోహంగా కూర్చుంటుంది. తప్పును తనే దిద్దుకునే ఏర్పాటు అన్నమాట.

ఆ పది లక్షల రెట్లు కాగితం మీద లెక్క. పాత్రలో అంత ఉదారంగా దొరకదు. కరెంటు ఎక్కువ పెట్టినకొద్దీ కాథోడ్‌ను ఆనుకుని ఉన్న పలుచని పొరలో యురేనియం అయాన్లు ఖర్చైపోతాయి. దూరం నుంచి కొత్తవి రావాలి. ఈ ఉప్పులో యురేనియం అయాన్ విసరణ గుణకం సెకనుకు సుమారు లక్షో వంతు చదరపు సెంటీమీటరు. దీన్నిబట్టి లెక్కగడితే, కలపకుండా వదిలేసిన ఉప్పులో ఒక అయాన్ గంటసేపు తడుముకుంటూ తిరిగినా మొదలుపెట్టిన చోటు నుంచి సగటున మూడు మిల్లీమీటర్లు కూడా దాటదు. అందుకే కాథోడ్‌ను తిప్పుతారు, ఉప్పును కలుపుతారు. అయినా యురేనియం సరఫరా మించి కరెంటు లాగితే, వోల్టేజీ తనంతట తాను కిందికి జారి ప్లుటోనియం గడప తొక్కుతుంది. వేర్పాటు ఎంత బాగా జరుగుతుందన్నది ఉష్ణగతిశాస్త్రం ఒక్కటే తేల్చేది కాదు. అయాన్లు ఎంత వేగంగా నడుస్తాయన్నదీ అంతే ముఖ్యం. ప్రయోగశాలలు విసరణ గుణకాన్ని మళ్లీ మళ్లీ కొలవడం చాదస్తం కాదు.

కొలిచే తీరు చెప్పుకోదగ్గది. ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులో తేమ, ఆక్సిజన్ పది లక్షల్లో కొద్ది వంతులకు మించకుండా చూస్తారు. కొలిమిలో చిన్న మూసలో కరిగిన ఉప్పు. అందులో యురేనియం క్లోరైడ్ కొద్దిగా కలిపితే ముదురు ఊదా రంగు వస్తుంది. సన్నని టంగ్‌స్టన్ తీగను ముంచి, వెండి, వెండి క్లోరైడ్ ఉన్న గాజు గొట్టాన్ని కొలబద్దగా పక్కన పెట్టి, వోల్టేజీని ఒకే వేగంతో కిందికి దించుతూ, మళ్లీ పైకి తెస్తూ కరెంటును గీస్తారు. ఇదే సైక్లిక్ వోల్టామెట్రీ. యురేనియం లోహం పడేచోట కరెంటు ఒక్కసారిగా లేస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ లోహం ఊడిపోయేచోట సూదిమొనలాంటి శిఖరం కనిపిస్తుంది. నాలుగు ధనావేశాలున్న యురేనియం మూడుకు మారేచోట మాత్రం రెండువైపులా గుండ్రటి శిఖరాలే, ఎందుకంటే అక్కడ ఏదీ ఘనపదార్థంగా పడదు. గీత ఆకారం చూసి ఎలక్ట్రోడ్ దగ్గర ఏం జరుగుతోందో అలవాటైన కళ్లు పట్టేస్తాయి. ఈసీజీ చదవడం లాంటి విద్య ఇది.

తేమ గురించి అంత పట్టుదల ఎందుకంటే, ఉప్పులోకి ఆక్సైడ్ అయాన్లు కాసిని చేరినా యురేనియం వాటిని పట్టుకుని ఆక్సైడ్‌గా మారి అడుగున మడ్డిలా కూర్చుంటుంది. లిథియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకోవడంలో మన వంటింటి ఉప్పును పదింతలు మించిపోతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా నీరుకారడం చూసినవాళ్లకు ఈ బాధ వివరించనక్కర్లేదు.

ప్లుటోనియం కావాలనుకుంటేనో? కాథోడ్‌ను మార్చాలి. ఘనమైన ఉక్కు కడ్డీ బదులు చిన్న మూసలో కరిగిన కాడ్మియం పెట్టడం అమెరికాలోని ఆర్గోన్ నేషనల్ ల్యాబొరేటరీ శాస్త్రవేత్తల ఉపాయం. ప్లుటోనియానికి కాడ్మియం అంటే మక్కువ. దానిలో కరిగి, ఒక ప్లుటోనియానికి ఆరు కాడ్మియం పరమాణువుల చొప్పున గట్టి మిశ్రలోహంగా స్థిరపడుతుంది. ఆ మక్కువను వోల్టుల్లోకి మారిస్తే 0.3కు కొంచెం తక్కువ. యురేనియానికి కాడ్మియంతో అంత పొత్తు కుదరదు, 500 డిగ్రీల దగ్గర అది విడిగా లోహంగానే ఉండిపోతుంది. దాంతో ప్లుటోనియం స్థానం దాదాపు 0.3 వోల్టులు పైకి జరిగి యురేనియం పక్కనే వచ్చి నిలబడుతుంది. రెండింటి మధ్య మిగిలే తేడా కొద్ది పదుల మిల్లీవోల్టులు మాత్రమే. రెండూ కలిసి పడతాయి. కాడ్మియం 770 డిగ్రీల లోపే మరిగిపోతుంది కాబట్టి తర్వాత దాన్ని ఆవిరిచేసి వదిలించుకోవచ్చు.

ఈ పద్ధతి తాలూకు రాజకీయం మొత్తం ఈ చిన్న రసాయన చమత్కారంలోనే ఇమిడి ఉంది. 1984 నుంచి 1994 దాకా ఛార్లెస్ టిల్, యూన్ చాంగ్ నాయకత్వంలో ఆర్గోన్ ప్రయోగశాల నడిపిన ఇంటిగ్రల్ ఫాస్ట్ రియాక్టర్ కార్యక్రమం ముందుకు తెచ్చిన వాదన ఇది: కాడ్మియంలో ప్లుటోనియం ఒంటరిగా పడదు. వెంట యురేనియం, నెప్టూనియం, అమెరీషియం, క్యూరియం, కొంత లాంథనైడ్ల చెత్త కూడా వస్తాయి. ఆ ముద్ద చేత్తో తాకలేనంత వేడిగా, ఘాటుగా ఉంటుంది, బాంబుకు పనికిరాదు, తిరిగి రియాక్టరులో వేయడానికి మాత్రం బాగుంటుంది. వాదనలో నిజముంది. ఆ నిజం ఎంతదాకా నిలుస్తుందన్నదే ప్రశ్న. ఇప్పటిదాకా చెప్పిన 0.3 వోల్టులను మళ్లీ చూస్తే జవాబు దొరుకుతుంది. ముందుగా ఘన కాథోడ్‌తో ఉప్పులోని యురేనియాన్ని దాదాపు మొత్తం లాగేసి, ఆ తర్వాత కాడ్మియం పెడితే వచ్చే ముద్దలో ప్లుటోనియం పాలు బాగా పెరుగుతుంది. అది ప్యూరెక్స్ ఇచ్చేంత శుద్ధంగా ఉండదు, నిజమే. కానీ ఒక దేశ ప్రభుత్వమే తలుచుకుంటే ఈ మిశ్రమాన్ని మరో మెట్టు శుద్ధి చేసుకోవడం అసాధ్యం కాదన్న విమర్శకుల మాట తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు. వేడి, ఘాటు దొంగను ఆపుతాయి. ప్రయోగశాలలున్న ప్రభుత్వాన్ని ఆపవు.

ప్లుటోనియం దారి మళ్లకుండా చూసే తనిఖీ ఇంకో చిక్కు. ప్యూరెక్స్‌లో ఇంధనం మొత్తం ఒక తొట్టెలో సమంగా కరిగి ఉంటుంది. ఒక నమూనా తీసి పరీక్షిస్తే ఎంత ప్లుటోనియం లోపలికి వచ్చిందో తెలుస్తుంది. ఉప్పు పాత్రలో అలా కాదు. కొంత బుట్టలో, కొంత ఉప్పులో, కొంత కాథోడ్ మీద, కొంత అడుగున మడ్డిలో. ఏ క్షణానికీ లెక్క ఒక్కచోట దొరకదు. అందుకే వోల్టామెట్రీనే కాపలాదారుగా వాడాలన్న ప్రయత్నాలు జరుగుతున్నాయి. పాత్రలోనే ఒక ఎలక్ట్రోడ్ శాశ్వతంగా ఉంచి, శిఖరాల ఎత్తునుబట్టి యురేనియం, ప్లుటోనియం గాఢతలు అప్పటికప్పుడు చెప్పించడం. ఆలోచన బాగుంది. పలుచని ద్రావణంలో బాగా పనిచేస్తుంది కూడా. నిజమైన ఎలక్ట్రోరిఫైనర్‌లో, అంటే ఈ శుద్ధి నడిచే ఉప్పు పాత్రలో, యురేనియం గాఢత ఎక్కువ. లోహం పడేకొద్దీ ఎలక్ట్రోడ్ ఉపరితలం పెరిగిపోతుంది, యురేనియం శిఖరం వాలు మీద ప్లుటోనియం శిఖరం సగం మునిగి కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల సమీకరణాలు ఊహించే నునుపైన, మారని ఎలక్ట్రోడ్ అక్కడ ఉండదు.

అమెరీషియం కథ వేరు. ప్లుటోనియం-241 పద్నాలుగేళ్ల అర్ధాయువుతో క్షీణిస్తూ అమెరీషియం-241గా మారుతుంది, దాని అర్ధాయువు 432 ఏళ్లు. వాడిన ఇంధనాన్ని పాతిపెట్టే చోట కొన్ని వందల ఏళ్లపాటు వేడి పుట్టించేవాళ్లలో ఇది ముఖ్యమైనది కాబట్టి దీన్ని తీసేయాలన్న కోరిక గట్టిగానే ఉంది. కానీ యురేనియం, ప్లుటోనియం మూడు ధనావేశాల నుంచి ఒక్క అంగలో లోహమైతే, అమెరీషియం మధ్యలో రెండు ధనావేశాల మజిలీలో ఆగుతుంది. ఆ మజిలీ ఈ ఉప్పులో స్థిరమైనది. ఫలితంగా కాథోడ్ మీద పడిన అమెరీషియం లోహం, ఉప్పులో ఉన్న మూడావేశాల అమెరీషియంతో కలిసి మళ్లీ రెండావేశాల అయాన్‌గా మారి కరిగిపోతుంది. ఒక చేత్తో పెట్టింది ఇంకో చేత్తో తీసుకున్నట్టు కరెంటు వృథా అవుతుంది. లాంథనైడ్లలో సమేరియం, యూరోపియం కూడా ఇలాంటివే. అవి రెండావేశాల దగ్గర ఆగిపోతాయి, లిథియం పడేలోపు లోహం కానే కావు.

జర్మనీలోని కార్ల్‌స్రూహలో ఉన్న ట్రాన్స్‌యురేనియం మూలకాల సంస్థ దీనికి వెతికిన విరుగుడు అల్యూమినియం. ఘన అల్యూమినియం కాథోడ్ మీద ఆక్టినైడ్లు, అంటే యురేనియం, ప్లుటోనియం, అమెరీషియం వర్గం మూలకాలు, గట్టి మిశ్రలోహాలుగా బిగుసుకుంటాయి. అమెరీషియం కూడా ఆ పట్టులో చిక్కితే తిరిగి కరగదు. ఇంకో లాభం, కాడ్మియంలో ఆక్టినైడ్లతో పాటు లాంథనైడ్లూ కొంత హాయిగా ఇముడుతాయి. అల్యూమినియంలో రెండు వర్గాల మధ్య ఎడం బాగా ఎక్కువ. లాంథనైడ్లు న్యూట్రాన్లను మింగేస్తాయి, ఇంధనంలో కలిస్తే గొట్టం లోహాన్ని తినేస్తాయి కూడా. అందుకని ఈ ఎడానికి విలువ ఉంది. ఇబ్బంది ఆ తర్వాతే: అల్యూమినియంలో బిగుసుకున్న ఆక్టినైడ్లను విడిపించడం. కాడ్మియంలా దాన్ని మరిగించి వదిలించుకోలేరు, క్లోరిన్‌తోనో హైడ్రోజన్ క్లోరైడ్‌తోనో మరో ప్రక్రియ నడపాలి. ఎంత గట్టిగా పట్టుకుంటే విడిపించడం అంత కష్టం. ఈ బేరం ఏ కాథోడ్‌తోనూ తప్పలేదు.

ఇదంతా లోహ ఇంధనం సంగతి. ప్రపంచంలో ఎక్కువ రియాక్టర్లు వాడేది ఆక్సైడ్. ఆక్సైడ్ ఈ ఉప్పులో మామూలుగా కరగదు, ముందు లోహం చేయాలి. దానికి 650 డిగ్రీల లిథియం క్లోరైడ్‌లో ఒక శాతం దాకా లిథియం ఆక్సైడ్ కలిపి, ఆక్సైడ్ ముక్కల బుట్టనే కాథోడ్‌గా పెడతారు. అక్కడ పుట్టే లిథియం యురేనియం ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, ఆక్సిజన్ ఆనోడ్ దగ్గర వాయువుగా లేస్తుంది. ఆ ఆక్సిజన్‌ను తట్టుకోవడానికి ఆనోడ్ ప్లాటినంతో చేయాల్సి రావడం ఖర్చుల చిట్టాలో పెద్ద పద్దు. దక్షిణ కొరియా డేజాన్‌లో నిర్మించిన ప్రైడ్ కేంద్రం ఈ మెట్లన్నిటినీ పెద్ద పరిమాణంలో, వాడని యురేనియంతో నడిపి చూసింది. రష్యన్లు డిమిత్రోవ్‌గ్రాద్‌లో ఇంకో దారి పట్టారు. లోహం చేయకుండా, క్లోరిన్‌తో ఇంధనాన్ని కరిగించి, యురేనైల్ అయాన్లను (ఆక్సిజన్‌తో కూడిన యురేనియం అయాన్లను) కాథోడ్ మీద నేరుగా యురేనియం డయాక్సైడ్‌గా పడేశారు. అంత వేడి దగ్గర ఆ ఆక్సైడ్ కరెంటును బాగానే పోనిస్తుంది కాబట్టి ఎలక్ట్రోడ్ మీద మందంగా పెరుగుతుంది. ఆ రేణువులను గొట్టాల్లో కుదించి బీఓఆర్-60 రియాక్టరులో మండించారు. ఆక్సైడ్ నుంచి ఆక్సైడ్‌కే వెళ్లడంలో ఉన్న సాదాతనం ముచ్చటగా ఉంటుంది.

భారత్ ఆసక్తికి కారణం వేరు. దేశంలో యురేనియం నిల్వలు నాణ్యతలో అంత గొప్పవి కావు. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో తవ్వినదైనా ఇంకెక్కడిదైనా, సహజ యురేనియంలో తేలిగ్గా విచ్ఛిత్తి చెందే భాగం 0.7 శాతమే. మిగతాదాన్ని ప్లుటోనియంగా మార్చి వాడుకోవాలన్నది దేశ అణువిద్యుత్తుకు వేసుకున్న మూడు దశల పథకంలో రెండో దశ. కల్పాక్కంలో 1985 నుంచి నడుస్తున్న ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్‌లో కార్బైడ్ ఇంధనం వాడారు, దాన్ని అక్కడి కోరల్ కేంద్రంలో నీటి పద్ధతిలోనే శుద్ధి చేశారు. భవిష్యత్తులో లోహ ఇంధనానికి మారాలన్న ఆలోచన ఉంది, ఎందుకంటే లోహంలో ప్లుటోనియం త్వరగా పెరుగుతుంది. ఆ త్వరకు అర్థం ఉండాలంటే ఇంధనాన్ని ఏళ్ల తరబడి చల్లార్చకుండా తొందరగా శుద్ధి చేసి తిరిగి వేయాలి. ఘాటు తగ్గని ఇంధనాన్ని భరించేది ఉప్పే. ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రంలో పైరోప్రాసెసింగ్ మీద పని ఇందుకే.

ఇన్ని లాభాలున్నా పెద్ద ప్లాంట్లు ఎందుకు లేవు? ఒక కిలో యురేనియాన్ని పడేయడానికి సుమారు 338 ఆంపియర్-గంటల విద్యుదావేశం కావాలి. ఒక వోల్టు దగ్గర అనుకుంటే దాని ఖర్చు ఒక సీలింగ్ ఫ్యాన్ నాలుగైదు గంటలు తిరిగినంత. శక్తి సమస్య కానే కాదు. సమయం సమస్య. 100 ఆంపియర్లతో రాత్రింబవళ్లు ఒక్క నిమిషం ఆపకుండా నడిపినా ఐడహోలోని 25 టన్నులకు తొమ్మిదేళ్ల పైనే పడుతుంది. కరెంటు పెంచితే ప్లుటోనియం గడప తొక్కే ప్రమాదం, పైగా యురేనియం నునుపైన రేకులా పడదు, చెట్టు కొమ్మల్లా పెరుగుతుంది. ఆ కొమ్మలు విరిగి అడుగున పడతాయి, ఒక్కోసారి గోడను తాకి షార్ట్ సర్క్యూట్ చేస్తాయి. కొమ్మల సందుల్లో ఉప్పు ఇరుక్కుని కాథోడ్‌తో పాటు బయటికి వస్తుంది. దాన్ని వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో శూన్యంలో ఆవిరిచేసి వదిలించాలి. ఇదంతా ఆర్గాన్ నింపిన గదిలో, మీటరుకు పైగా మందం ఉన్న గోడ అవతల నుంచి, రోబో చేతులతో. ఒక బోల్టు బిగుసుకుపోతే ఒక రోజు పోయినట్టే. రసాయనశాస్త్రం ఎంత చక్కగా ఉన్నా పని నడిచేది ఆ చేతుల వేగంతోనే.

ఉప్పు కూడా నిరంతరం అలాగే ఉండదు. ఈబీఆర్-2 ఇంధనంలోని సోడియం యురేనియం క్లోరైడ్‌తో చర్య జరిపి సోడియం క్లోరైడ్‌గా ఉప్పులో చేరుతుంది, యురేనియాన్ని లోహంగా కిందికి తోస్తుంది. తగ్గిన యురేనియం క్లోరైడ్‌ను మళ్లీ పుట్టించడానికి కాడ్మియం క్లోరైడ్ పోయాలి. సోడియం పెరిగేకొద్దీ ఉప్పు కరిగే ఉష్ణోగ్రత పైకి పోతుంది. సీజియం, స్ట్రాన్షియం, లాంథనైడ్లు పోగై ఉప్పే వేడి పుట్టిస్తుంది. చివరికి ఆ ఉప్పును సన్నని రంధ్రాలున్న జియోలైట్ అనే ఖనిజంలో పీల్పించి, గాజు కలిపి, కాల్చి సోడలైట్ సిరామిక్‌గా చేయాలని, బుట్టలో మిగిలిన లోహాలను జర్కోనియం కలిపిన స్టెయిన్‌లెస్ స్టీలు దిమ్మెలుగా పోయాలని రూపకల్పన చేశారు.

ఈబీఆర్-2 ఇంధనంతో ఈ పద్ధతిని నడిపి చూపడానికి 1996లో మొదలైన ప్రదర్శన 1999లో ముగిసింది. అమెరికా జాతీయ పరిశోధనా మండలి కమిటీ దాన్ని పరిశీలించాక, 2000లో అక్కడి ఇంధన శాఖ మిగతా ఈబీఆర్-2 ఇంధనానికీ ఇదే పద్ధతి వాడాలని నిర్ణయించింది. ఓ పదేళ్లు, పన్నెండేళ్లలో అయిపోవాల్సిన పని ఇరవై ఏళ్లు దాటినా సాగుతూనే వచ్చింది. తీసిన యురేనియానికి మాత్రం అనుకోని గిరాకీ తగిలింది. యురేనియం-235 పాలు ఎక్కువగా ఉన్న ఆ లోహాన్ని 20 శాతం లోపుకు పలుచన చేసి కొత్త తరం చిన్న రియాక్టర్లకు ఇంధనంగా ఇవ్వాలని నిర్ణయించి, 2020లో ఓక్లో అనే సంస్థకు కొంత కేటాయించారు.

ప్లుటోనియం ఊసు మాత్రం ఇందులో లేదు. టిల్, చాంగ్ బృందం కాడ్మియం కాథోడ్‌ను రూపొందించింది ప్లుటోనియాన్ని పట్టి తిరిగి మండించడానికే. 1994లో అమెరికన్ కాంగ్రెస్ నిధులు ఆపేశాక ఆ అంకం రద్దయింది. ఐడహోలో ఉక్కు కాథోడ్ మీద యురేనియం ఒక్కటే తీస్తున్నారు. అదే 0.3 వోల్టుల తేడా ప్లుటోనియాన్ని ఉప్పులోనే నిలిపి ఉంచుతోంది. ప్రణాళిక ప్రకారం అది సీజియంతో, లాంథనైడ్లతో కలిసి సిరామిక్ దిమ్మెల్లోకి, అక్కడి నుంచి భూమిలోకి వెళ్లాలి.